వాళ్ల తప్పు కూడా

మేస్త్రిని ఇంకా బయటికి తియ్యకముందే సూపర్‌వైజరు లిఫ్టు ఆపరేటరు చొక్కా పట్టుకున్నాడు.

మేం పై అంతస్తు స్లాబు మీద రాడ్లు వంచుతున్నాం. ముందు ఇనుపతాడు తెగిన చప్పుడు వినిపించింది, కొరడా విసిరినట్టు. తర్వాత లిఫ్టు పరంజాను గీరుకుంటూ కిందికి పోయిన చప్పుడు. ఆపైన ఏ చప్పుడూ లేదు. మేం మెట్ల మీదుగా పరుగెత్తి కిందికి చేరేసరికి సిమెంటు దుమ్ము ఇంకా అణగలేదు. ఇటుకలూ బస్తాలూ మొయ్యడానికి పెట్టిన లిఫ్టు అది. మనుషులు ఎక్కకూడదని దాని తలుపు మీదే ఎర్ర రంగుతో రాసి ఉంది. కానీ మెట్లెక్కి వస్తే పని ఆలస్యమవుతుందని మనుషుల్ని కూడా అందులోనే పంపమన్నది కంపెనీయే. ఆ పొద్దున అందులో బస్తాలతోపాటు మేస్త్రి, ఇద్దరు కూలీలు ఉన్నారు.

బస్తాల సందులోంచి మేస్త్రి చెయ్యి కనిపిస్తోంది. పిడికిట్లో తాపీ అలాగే ఉంది. మేం బస్తాలు లాగుతుంటే మా వెనక సూపర్‌వైజరు గొంతు చించుకుంటున్నాడు.

"వీడే చంపాడు. అందరూ చూడండి. తాగొచ్చి నడిపాడు."

ఆపరేటరు తాగడు. ఆ సంగతి మాకందరికీ తెలుసు. కానీ ఎవరం నోరు విప్పలేదు. అతను కూడా విప్పలేదు. చొక్కా గుండీలు తెగుతున్నా పట్టించుకోకుండా, మీట మీద ఉండిన తన కుడిచేతిని చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ చెయ్యి అతనిది కానట్టు చూస్తున్నాడు.

ఇంతలో కాంట్రాక్టరు కారు వచ్చింది. పోలీసుల జీపు రావడానికి ఇంకా వ్యవధి ఉంది. ఆ వ్యవధిలో వాళ్లు చెయ్యాల్సిందంతా చేశారు. తెగిన తాడును చుట్టచుట్టి వ్యానులో వేశారు. అరిగిన బ్రేకు పట్టీని ఊడదీసి కొత్తది బిగించారు. నేలను నీళ్ల పైపుతో కడిగేశారు. మా కళ్లముందే చేశారు, మేం లేనట్టే. ఆ తర్వాత పోలీసులు వచ్చారు, ఆఫీసు గదిలో కూర్చుని టీ తాగారు, ఆపరేటరును జీపెక్కించి తీసుకుపోయారు.

*

స్టేషన్లో అతన్ని ఎవరూ కొట్టలేదు. పోలీసుల కంటే ముందు అతని దగ్గరికి ఒక లాయరు వచ్చాడు. ఇస్త్రీ నలగని కోటు, మెత్తని మాట. కంపెనీయే పంపించిందని, ఫీజు గురించి దిగులు పడొద్దని చెప్పాడు. ఇవన్నీ ఆపరేటరు తర్వాత మాకు చెప్పిన మాటలు. అతను చెప్పినట్టే రాస్తున్నాను.

"చూడు బాబూ, ముగ్గురు పోయారు. అప్పుడు మీట మీద ఉన్నది నీ చెయ్యే. కాదంటావా?"

"కాదననండి."

"మరి పోట్లాడి ఏం సాధిస్తావ్? కేసు ఏళ్ల తరబడి సాగుతుంది. అన్నాళ్లూ నువ్వు లోపలే. మీ అక్క ఇస్త్రీ బండి వదిలేసి కోర్టుల చుట్టూ తిరగాలి. పోయినవాళ్ల ఇళ్లకి పరిహారం కూడా కేసు తేలేదాకా రాదు. అదే ఒప్పుకున్నావనుకో, కొన్ని నెలల్లో బయటికొస్తావు. వాళ్లకీ వెంటనే అందుతుంది. కాంట్రాక్టరు సార్ మాటిచ్చారు."

"బ్రేకు జారుతోందని నేను ముందే చెప్పానండి. సూపర్‌వైజరు గారికి ఒకటికి రెండుసార్లు చెప్పాను. తాడులో పోగులు లేస్తున్నాయని కూడా చూపించాను."

లాయరు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "ఆ ముక్క పొరపాటున కూడా బయట అనకు. అంటే నీ మెడకే చుట్టుకుంటుంది. బ్రేకు పాడైందని తెలిసీ నడిపావంటారు. అదింకా పెద్ద నేరం."

ఆపరేటరు ఆ రోజంతా ఆలోచించాడు. తెలిసీ నడిపిన మాట నిజమే కదా అనుకున్నాడు. మేస్త్రిని అతను అన్నా అని పిలిచేవాడు. ఆ అన్న ఇంట్లోవాళ్లకి ఎంతో కొంత అందుతుందంటే తాను కొన్ని నెలలు జైల్లో ఉంటే ఏం పోయిందనుకున్నాడు.

కోర్టులో అతని వంతు వచ్చింది. జేబుదొంగ కేసు తర్వాత, గోడ తగాదా కేసుకు ముందు. నేరారోపణ చదివారు. అందులో సగం మాటలు అతనికి అర్థం కాలేదు. నేరం ఒప్పుకుంటున్నావా అని అడిగారు. ఒప్పుకుంటున్నానన్నాడు. ఎవరి బలవంతమూ లేకుండానేనా అని అడిగారు. లాయరు తలాడించాడు. అది చూసి అతనూ తలాడించాడు. న్యాయమూర్తి రాసుకుంటూనే శిక్ష చదివాడు. అయిదేళ్లు.

తప్పు విన్నాననుకుని అతను లాయరు వైపు తిరిగాడు. లాయరు అప్పటికే గోడ తగాదా కాగితాలు విప్పుతున్నాడు.

వెనక బెంచీ మీద మేస్త్రి భార్య కళ్లు మూసుకుంది. మాలో కొందరు పైకే అన్నారు, తగిన శాస్తి జరిగిందని.

*

మేమంతా ఉండేది పని జరిగేచోటికి పక్కనే, రేకుల షెడ్లలో. ఆపరేటరు అక్క ఆ షెడ్ల మొదట్లో బండి పెట్టుకుని బట్టలు ఇస్త్రీ చేసేది. తమ్ముడికి శిక్ష పడ్డ మర్నాటి నుంచి ఆమె దగ్గరికి బట్టలు రావడం మానేశాయి. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఊరికే బండి పక్కనుంచి తల తిప్పుకుని పోయేవాళ్లు. ఆమె పెట్టెలో బొగ్గులు రాజేసి, మధ్యాహ్నందాకా చూసి, ఆర్పేసి, వేరే వీధికి బండి తోసుకుపోయేది. మా రాడ్ల ముఠాలో ఒకతన్ని అందరం రేడియో అంటాం. నిద్రపోతే తప్ప నోరు మూయడు. అతను మాత్రం ఉండబట్టలేక ఆమెకి వినపడేటట్టే అన్నాడు:

"హంతకుడి అక్క మడతపెట్టిన చొక్కా తొడుక్కుంటే ఒళ్లు మండదా?"

ఆమె తల ఎత్తకుండా జవాబిచ్చింది. "నీ చొక్కా ఎప్పుడిచ్చావని మండడానికి? నువ్వు వేసుకునేది ఇస్త్రీ ఎరగదు."

మేస్త్రి భార్య కూడా మాతోపాటే పనిచేస్తుంది, ఇసుక జల్లెడ పడుతుంది. రెండు వారాలు ఆగి కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్లింది. పరిహారం ఎప్పుడిస్తారని అడిగింది. అక్కడి అధికారి కాగితాలు తిరగేసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నేరం చేసినవాడు తానే ఒప్పుకున్నాడు కదమ్మా. తప్పు వాడిదని కోర్టే తేల్చింది. ఇంక కంపెనీ ఎందుకిస్తుంది?"

"మరెవరిస్తారు?"

"వాడి మీదే వేసుకోవాలి దావా."

ఆమె బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయింది. వాడికున్నది ఒక అక్క, ఆ అక్కకున్నది ఒక ఇస్త్రీ బండి. వాళ్ల మీద దావా వేసి ఏం రాబట్టుకోవాలి? అలా కూర్చుని ఉండగా ఆమెకి ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేని కోపం. చివరికి వాడి మొహం మీదే నాలుగు మాటలు అనేసి వద్దామని జైలుకి బయల్దేరింది.

*

జైల్లో ఖైదీని కలిసే చోట రెండు వరసల ఇనుప జాలీ ఉంటుంది. అటూ ఇటూ ఒకేసారి పదిమంది మాట్లాడుతుంటారు. ఎవరి మాట ఎవరికీ సరిగా వినిపించదు. ఆమెను చూడగానే ఆపరేటరు చేతులు జోడించాడు.

"వదినా..."

"నన్ను ఆ పిలుపు పిలవకు."

అతను చేతులు దించేశాడు. "డబ్బు అందిందా?" అన్నాడు.

"ఏం డబ్బు?"

"మీ అందరికీ వెంటనే ఇస్తామన్నారు. నేను ఒప్పుకుంటే."

ఆమె జాలీకి మొహం ఆనించింది. "మళ్లీ చెప్పు. ఎవరన్నారు?"

అతను మొదటినుంచీ చెప్పాడు. పక్కనవాళ్ల అరుపుల మధ్య ఒక్కో ముక్కా రెండేసిసార్లు చెప్పాల్సి వచ్చింది. లాయరు రావడం, కంపెనీ మాటివ్వడం, కొన్ని నెలలేననడం, బ్రేకు సంగతి ఎత్తొద్దనడం. ఆమె వింటూనే ఉంది. తిడదామని వచ్చిన మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

"బ్రేకు పాడైందని మా ఆయనకి తెలుసా?"

"తెలుసు. అన్నే నాతోపాటు సూపర్‌వైజరు దగ్గరికొచ్చాడు. ఇష్టం లేకపోతే మానెయ్యండి, గేటు బయట మనుషులు కాచుకుని ఉన్నారన్నాడు ఆ సూపర్‌వైజరు." అతను జాలీ పట్టుకుని దగ్గరికి జరిగాడు. "నడపనని నేను గట్టిగా అనాల్సింది. అనలేదు. ఆ తప్పు నాదే. అందుకే ఒప్పుకున్నాను."

"అవును, ఆ తప్పు నీదే," అంది ఆమె. "నేను కాదనను. కడుపు మండుతూనే ఉంటుంది నాకు, నువ్వు కనబడినప్పుడల్లా. నీ తప్పు నువ్వు ఒప్పుకో. వాళ్ల తప్పు కూడా నువ్వెందుకు ఒప్పుకున్నావ్?"

టైమైపోయిందని వార్డరు గంట కొట్టాడు.

ఆమె బయటికొస్తుంటే వరసలో ఆపరేటరు అక్క నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అక్క చూపు దించుకుంది. మేస్త్రి భార్య ఆగి, ఏమనాలో తెలియక, "ఇవాళ చాలాసేపు పట్టేట్టుంది. నీడలో నుంచో," అని వెళ్లిపోయింది.

*

మేస్త్రి భార్య అడిగిన ఆ మాట తర్వాత ఆపరేటరుకి తిండి సహించలేదు. బ్యారక్‌లో అతని పక్కన పడుకునే ముసలి డ్రైవరు ఏమైందని అడిగాడు. అతను చెప్పాడు. డ్రైవరు నవ్వాడు.

"ఒప్పుకున్నది నువ్వొక్కడివేనా ఇక్కడ? నా యజమాని కొడుకు బండితో ఒకణ్ణి గుద్దాడు. నేను ఒప్పుకున్నాను. ఇల్లు కట్టిస్తామన్నారు. ఆ ఇంటి కోసమే ఎదురుచూస్తున్నా."

మధ్యాహ్నం అందరూ పళ్లాలు పట్టుకుని కూర్చున్నప్పుడు ఆపరేటరు లేచి అడిగాడు. "చెయ్యని నేరమో, సగం చేసిన నేరమో, ఎవరో నచ్చజెబితే ఒప్పుకున్నవాళ్లు ఎవరెవరు?"

మొదట నవ్వులు వినిపించాయి. తర్వాత ఒక చెయ్యి లేచింది. గోదాములో సరుకు మాయమైతే ఒప్పుకున్న కాపలావాడిది. ఆ తర్వాత ఇంకొకటి. వరసల చివరిదాకా చేతులు లేస్తూనే పోయాయి. దించమని వార్డరు అరిచినా చాలామంది దించలేదు. యజమానుల నేరాలు మోస్తున్న మనుషులు ఒక్క గదిలోనే అంతమంది ఉన్నారు. ఒక్కొక్కడూ తనకొక్కడికే ఇలా జరిగిందనుకుంటూ సిగ్గుతో గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు.

ఆపరేటరు జైలు నుంచే పై కోర్టుకి అర్జీ రాయించాడు. సూపరింటెండెంటు దాన్ని చదివి ఎగాదిగా చూశాడు. "సంతకం పెట్టి ఒప్పుకుని, ఇప్పుడు కాదంటావా? నీలాంటివాళ్ల మాటకి విలువేముంటుందయ్యా?" అన్నాడు. అర్జీ వెళ్లింది, తిరిగొచ్చింది. స్వయంగా నేరం ఒప్పుకున్నవాడికి తీర్పును ప్రశ్నించే హక్కు లేదని రాసి ఉంది అందులో. అంతకుమించి ఒక్క ముక్క లేదు.

*

మేస్త్రి భార్య ఆ కబురు విని మా కార్మిక సంఘం ఆఫీసుకి వెళ్లింది. మా సంఘానికి ఒక లాయరమ్మ ఉంది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. తిరిగొచ్చిన అర్జీ చదివి ఇలా అంది:

"దారి లేకపోలేదు. ఒప్పుకోలు తెలిసి, ఇష్టపడి చేసింది కాదని చూపించాలి. ఇతని తరఫున నిలబడ్డ లాయరు కంపెనీ మనిషని చూపించాలి. బ్రేకు గురించి ముందే చెప్పాడనడానికి సాక్షులు కావాలి. అంటే మీరే. ఇంకొకటి కూడా ముందే చెప్తున్నా. ఒప్పుకోలు కొట్టేస్తే విచారణ మళ్లీ మొదటికొస్తుంది. అందులో ఓడిపోతే అయిదేళ్లు కాదు, ఇంకా ఎక్కువ పడొచ్చు. ఇప్పుడున్నట్టే ఊరుకుంటే సత్‌ప్రవర్తన కింద తొందరగా బయటపడొచ్చు. ఆలోచించుకోమనండి."

అక్క ఈ మాటలు తమ్ముడికి చేరవేసింది. ఊరుకోమని తానే బతిమాలింది కూడా. జాలీ అవతల అతను తల అడ్డంగా ఊపాడు. "నేను తొందరగా బయటికొస్తే వాళ్ల లెక్క అక్కడితో మూసేస్తారక్కా," అన్నాడు. "మళ్లీ విచారణే కావాలని చెప్పు."

సాక్షుల సంగతి తేల్చడానికి ఆదివారం షెడ్ల ముందు మీటింగు పెట్టాం. కూర్చోడానికి చోటు చాలక కొందరు ఇసుక కుప్పల మీద కూర్చున్నారు. అందరికంటే ముందు రేడియో లేచాడు.

"ముగ్గుర్ని పొట్టన పెట్టుకున్నవాడి కోసం మా పని పోగొట్టుకోవాలా? కోర్టులో నోరు విప్పిన మర్నాడే గేటు దగ్గర మా పేర్లు కొట్టేస్తారు. నాకు ముగ్గురు పిల్లలు."

"నాకు లేరా?" అంది మేస్త్రి భార్య.

"నీ సంగతి వేరు."

"ఏం వేరు? మా ఆయన పోయాడు కాబట్టా? వచ్చే వారం మీ ఆవిడ సంగతి కూడా వేరవుతుందేమో. అదే బ్రేకు, అదే కంపెనీ. పట్టీ, తాడు మాత్రం మార్చారు."

"వాడు నడపనని మొండికేసి ఉంటే మీ ఆయన బతికుండేవాడు."

"వాడు మొండికేస్తే నువ్వు వాడి పక్కన నిలబడేవాడివా?"

రేడియో ఇసుక కుప్ప మీద కూలబడ్డాడు. ఆమె అందరి వైపూ తిరిగింది.

"ఆ బ్రేకు చప్పుడు మనందరం విన్నాం. మెట్లెక్కలేక మనందరం అందులోనే ఎక్కాం. ఒక్కడు ఎదురు చెప్పాల్సిందని ఇప్పుడు అందరం అంటున్నాం. ఒక్కడు ఎదురు చెప్తే ఏమవుతుందో వాడికి తెలుసు, మనకీ తెలుసు. నా మొగుణ్ణి చంపింది ఎవరో నాకు కోర్టులో వినాలనుంది. ఆ పేరు వాడు ఒప్పుకున్న కాగితం వెనక దాక్కుంది. ఆ కాగితాన్ని చింపడానికి నేను వెళ్తున్నాను. మీరొస్తే వస్తారు, లేకపోతే లేదు."

చాలాసేపు వాదించుకున్నాం. కొందరు లేచి వెళ్లిపోయారు. సంఘం పెట్టిన కొత్తల్లో కూడా మాలో మాకు అంత గొడవ జరగలేదు. చివరికి సాక్ష్యం చెప్తామని ఏడుగురం వేలిముద్రలో సంతకాలో పెట్టాం. ఏడో మనిషి రేడియో. "ఇంటికి పోయినా నిద్ర పట్టేట్టు లేదు. ఇవ్వండి ఆ పెన్ను," అన్నాడు. మర్నాడు తన చొక్కాలన్నీ మూటగట్టి తెచ్చి ఇస్త్రీ బండి మీద పెట్టాడు. అక్క మూట విప్పి చూసి, "ముందు ఉతుక్కురా," అంది.

*

పై కోర్టులో గది పెద్దది, మనుషుల గొంతులు చిన్నవి. న్యాయమూర్తి ఆపరేటరునే నేరుగా అడిగాడు.

"పోలీసులు కొట్టారా?"

"లేదండి."

"బెదిరించారా?"

"లేదండి. నచ్చజెప్పారు."

గదిలో ఎవరో నవ్వారు. న్యాయమూర్తి నవ్వలేదు. "ఏమని నచ్చజెప్పారు?" అన్నాడు. అతను చెప్పాడు. కొన్ని నెలలే అన్న మాట, పరిహారం మాట, బ్రేకు మాట ఎత్తొద్దన్న సంగతి. "ఆయన కంపెనీ తరఫువాడని నాకు తెలుసండి. కంపెనీకీ నాకూ మధ్య తగాదా ఉందని మాత్రం అప్పటికి తెలియదు," అన్నాడు.

ప్రభుత్వ లాయరు లేచాడు. "దీన్ని ఒప్పుకుంటే రేపు జైల్లో ఉన్న ప్రతివాడూ ఇదే పాట పాడతాడు. ఒప్పుకోలు అన్నదానికి అర్థమే ఉండదు. కోర్టులు మునిగిపోతాయి."

లాయరమ్మ గొంతు ఆ పెద్ద గది చివరిదాకా వినిపించింది. "మునిగిపోతాయనే నేనూ అంటున్నాను. కోర్టులు మునిగేటంతమంది చేత మనం ఇలా ఒప్పిస్తున్నాం. ఆ సంగతి నా మిత్రుడు, ప్రభుత్వ లాయరు గారే చెప్పారు."

మేం ఏడుగురం సాక్ష్యాలు దాఖలు చేశాం. తీర్పు తర్వాత చెప్తామన్నారు. మేం షెడ్లకి తిరిగొచ్చేసరికి గేటు దగ్గర మా ఏడుగురి పేర్లూ కొట్టేసి ఉన్నాయి.

తీర్పు రావడానికి ఎండలు పోయి వానలు పడాల్సి వచ్చింది. ఒప్పుకోలు చెల్లదని, శిక్ష రద్దు చేస్తున్నామని, కేసు మళ్లీ మొదటినుంచి విచారించాలని అన్నారు. ఆపరేటరు మాత్రం బయటికి రాలేదు. శిక్షపడ్డ ఖైదీ కాస్తా మళ్లీ విచారణలో ఉన్న ఖైదీ అయ్యాడు. అదే బ్యారక్, అదే చాప. కాంట్రాక్టరు గురించి తీర్పులో ఒక్క మాట లేదు. పండగ చేసుకుందామనుకున్నవాళ్లం ఊరుకున్నాం. బ్యారక్‌లో మాత్రం ఆ రాత్రి ముసలి డ్రైవరు, కాపలావాడు, ఇంకా చాలామంది కాగితాలు అడిగి తెప్పించుకున్నారట. అందరూ అర్జీలు రాయించుకున్నారట.

*

పని పోయిన మేం వేరేచోట్ల పనులు వెతుక్కుంటున్నాం. మేస్త్రి భార్యకి పట్నం అవతల కొత్తగా కడుతున్న ఆస్పత్రి దగ్గర ఇసుక పని దొరికింది. పేరు మార్చుకున్న కంపెనీ, అదే కాంట్రాక్టరు. మొదటి వారం ఇటుకలే మోశారు. రెండో వారంలో లారీ మీద లిఫ్టు వచ్చింది. పచ్చరంగు కొత్తగా పూశారు. తలుపు మీద ఎర్ర అక్షరాలు ఉన్నచోట ఆ పచ్చరంగు కొంచెం మందంగా ఉంది. ఆమె దగ్గరికెళ్లి చేత్తో తడిమింది. వెనక వంగిన కడ్డీని చూసింది. బస్తాలు లాగేటప్పుడు మేం గడ్డపారతో వంచిన కడ్డీ అది.

ఆ పూట లిఫ్టు మొదటిసారి పైకి పోవాలి. కొత్త ఆపరేటరు మీట దగ్గర నిలబడ్డాడు. ఆమె లోపలికెళ్లి అడుగున కూర్చుంది.

"దిగమ్మా. నువ్వు మెట్ల మీదే వెళ్లు," అన్నాడు కొత్త ఆపరేటరు.

"నేనెక్కడికీ వెళ్లను. నీతో ఒక మాట చెప్పాలి. ఈ మీట దగ్గర నీకంటే ముందు నిలబడ్డవాడు ఇప్పుడు జైల్లో ఉన్నాడు."

ఆమె చెప్పింది విని అతను మీట మీంచి చెయ్యి తీసేశాడు. అక్కడి సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. నడపమని అతని మీద అరిచాడు, లేదంటే గేటు బయటికి పొమ్మన్నాడు. ఈలోగా గమేళాలు మోసే ఆడవాళ్లు గమేళాలు దించి వచ్చి లిఫ్టు చుట్టూ కూర్చున్నారు. తాపీ పనివాళ్లు పైనుంచి దిగారు. కబురు విని మధ్యాహ్నానికి మేమూ చేరుకున్నాం. బ్రేకు మొత్తం మార్చాలి, మనుషులు ఎక్కే లిఫ్టు వేరే పెట్టాలి, ముగ్గురి చావు మీద కాంట్రాక్టరును విచారించాలి. ఇవే మేం అడిగినవి. సాయంత్రానికి పోలీసు వ్యాన్లు వచ్చాయి. ఆడవాళ్లని జుట్టుపట్టి లాగారు. కొత్త ఆపరేటరుతో సహా అందర్నీ ఎక్కించారు.

మర్నాడు మమ్మల్ని హాజరుపరిచింది ఆపరేటరుకి శిక్షవేసిన కోర్టులోనే. వరండాలో ఒక పోలీసు గుమాస్తా మా దగ్గరికొచ్చి నవ్వుమొహంతో మాట్లాడాడు.

"చిన్న కేసమ్మా. దారికి అడ్డంగా కూర్చున్నారు, అంతే. ఒప్పుకుంటున్నామనండి. ఏదో జరిమానా వేస్తారు. మధ్యాహ్నానికల్లా ఇళ్లలో ఉంటారు. ఒప్పుకోకపోతే రిమాండు. పిల్లలున్నవాళ్లు ఆలోచించుకోండి."

పిల్లలున్నవాళ్లు ఆలోచించుకున్నారు. మేం అబద్ధం చెప్పం. కొందరి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒకామెకి చంటిపిల్ల ఉంది. ఇస్త్రీ అక్క ఆ పిల్లను ఎత్తుకుని కోర్టు గేటు బయట నిలబడి ఉంది. లోపలికి చూస్తూ చెయ్యి ఊపింది, నేను చూసుకుంటానన్నట్టు.

మొదట మేస్త్రి భార్యను పిలిచారు.

"నేరం ఒప్పుకుంటున్నావా?"

"లేదండి. నేరం చెయ్యలేదు. నేరం జరగకుండా ఆపాను."

రెండో ఆమెను పిలిచారు. ఆమె కూడా లేదంది. కొత్త ఆపరేటరు లేదన్నాడు. చంటిపిల్ల తల్లి గేటు వైపు ఒకసారి చూసి లేదంది. రేడియో వంతు వచ్చేసరికి న్యాయమూర్తి విసుగ్గా పెన్ను పక్కన పెట్టాడు.

"ఒప్పుకోకపోతే జైలుకి పోవాలి. తెలుసుగా?"

"తెలుసండి. అక్కడ మావాడొకడున్నాడు. ఒంటరిగా ఉన్నాడు పాపం."

ఒక్కరూ ఒప్పుకోలేదు. ఒక్కొక్కరికీ విచారణ తేదీ రాయాలి, సాక్షుల పేర్లు రాయాలి, రిమాండు కాగితం రాయాలి. కోర్టు గుమాస్తా చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. మమ్మల్ని ఒక పక్కన బెంచీల మీద కూర్చోబెట్టి వ్యాను కోసం చూస్తున్నారు. ఈలోగా మిగతా కేసులు పిలవడం మొదలుపెట్టారు.

మాతో ఏ సంబంధమూ లేని ఒక మనిషి బోనులోకొచ్చింది. కాలిబాట మీద దువ్వెనలూ అద్దాలూ అమ్ముకునే ఆవిడ. నెలకోసారి పట్టుకొస్తారట, ఆవిడ ఒప్పుకుంటుందట, జరిమానా కట్టి పోతుందట. గుమాస్తా ఆవిడ మొహం కూడా చూడకుండా ఒప్పుకుంటున్నట్టు రాసేస్తున్నాడు.

"ఆగండి," అంది ఆవిడ. బెంచీల మీద కూర్చున్న మా వైపు ఒకసారి చూసి, న్యాయమూర్తి వైపు తిరిగింది. "ఇన్నాళ్లూ ఒప్పుకుంటూ వచ్చాను గానీ, నేను చేసిన తప్పేంటో ఎవరూ చెప్పలేదు. ఇవాళ మీరు చెప్పండి. ఆ తర్వాత ఆలోచిస్తాను."

గుమాస్తా రాయడం ఆపాడు. వరండాలో తమ వంతు కోసం కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి తలుపు దగ్గరికి వస్తున్నారు. వెనక్కి పొమ్మని పోలీసు చెప్తున్నాడు. ఎవరూ పోవడం లేదు.